250 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కి యాంప్ తప్పదా? ముందు వోల్టుల లెక్క చూద్దాం

తమ్ముడూ, మీ ప్రశ్న ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, చదివే మిగతావాళ్లకీ అర్థమవుతుంది. విజయవాడ సత్యనారాయణపురంలో మీ ఇంటి పడకగదిలోనే మీ అక్క అన్నమయ్య కీర్తనలు పాడుతుంటే రికార్డు చేసి, మీరే మిక్స్ చేస్తున్నారు. ఉన్నది లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే రెండు ఛానళ్ల ఇంటర్‌ఫేస్, అంటే మైకునీ హెడ్‌ఫోన్స్‌నీ లాప్‌టాప్‌కి కలిపే పెట్టె. చేతిలో పాతిక వేలున్నాయి. బయ్యర్‌డైనమిక్ కంపెనీ డీటీ 770 ప్రో హెడ్‌ఫోన్స్ మీద మనసు పడింది. చూస్తే అందులో 32, 80, 250 ఓమ్‌లని మూడు రకాలు. మీ ఫ్రెండేమో "అసలు స్టూడియోది 250, పక్కన పన్నెండు వేల యాంప్ లేకపోతే డబ్బు దండగ" అన్నాడు. దాంతో టెన్షన్ పట్టుకుంది.

80 ఓమ్‌లది తీసుకోండి. యాంప్, అంటే హెడ్‌ఫోన్‌కి వెళ్లే సిగ్నల్‌ని పెంచే విడి పెట్టె, ఇప్పుడు కొనకండి. మీరు కళ్లజోడు పెట్టుకుంటారో లేదో రాయలేదు. పెట్టుకునేవాళ్లయితే కింద ఒక పేరా మీకోసమే ఉంది, అది చదివాకే ఆర్డర్ పెట్టండి.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఇరవై ఏళ్ల పైనుంచి చిన్న రికార్డింగ్ గది నడుపుతున్నాను. భజన పాటలు, చర్చి పాటలు, షార్ట్ ఫిల్మ్ డబ్బింగులు, ఎన్నికలొస్తే ఆటో ప్రచారం రికార్డింగులు, ఏది వస్తే అది. ఈ ఇరవై ఏళ్లలో క్లోజ్డ్ బ్యాక్ (కప్పుల వెనక భాగం మూసి ఉండే) హెడ్‌ఫోన్స్ ఎన్ని కొన్నానో మా ఇంట్లోవాళ్లకి తెలియనివ్వలేదు. మీ ఫ్రెండ్ మీకు ఇచ్చిన సలహానే నాకూ ఒకాయన ఇచ్చాడు. నేను విన్నాను. ఆ కథ తర్వాత చెబుతాను.

ముందు ఈ ఓమ్‌ల సంగతి తేల్చేద్దాం. ఓమ్‌లు ఎక్కువుంటే హెడ్‌ఫోన్ గొప్పదనే నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది. ఓమ్‌లు కొలిచేది ఇంపెడెన్స్‌ని, అంటే కరెంటుకి హెడ్‌ఫోన్ పెట్టే అడ్డుని. అది నాణ్యతకి వేసిన మార్కు కాదు. మేడ మీద నీళ్ల ట్యాంకు అనుకోండి. సన్న పైపు బిగిస్తే ట్యాంకు ఇంకాస్త ఎత్తులో ఉండాలి, అయితే నీళ్లు తక్కువే ఖర్చవుతాయి. లావు పైపుకి అంత ఎత్తు అక్కర్లేదు, ట్యాంకు మాత్రం గబగబా ఖాళీ అవుతుంది. 250 ఓమ్‌లది సన్న పైపు: వోల్టేజీ ఎక్కువ అడుగుతుంది, కరెంటు కొంచెమే తాగుతుంది. 32 ఓమ్‌లది లావు పైపు. ఈ 250 ఎందుకు పుట్టిందంటే, పెద్ద స్టూడియోల్లో ఒకే యాంప్ నుంచి నలుగురైదుగురు వాద్యగాళ్ల చెవులకి లైను లాగాలి. 250 ఓమ్‌లవి నాలుగు కలిపి తగిలించినా యాంప్‌కి కనబడేది 62 ఓమ్‌లు, హాయిగా లాగుతుంది. అదే 32 ఓమ్‌లవి నాలుగు తగిలిస్తే 8 ఓమ్‌లు. అది స్పీకర్‌ని తగిలించినట్టే, చాలా హెడ్‌ఫోన్ యాంప్‌లు చేతులెత్తేస్తాయి. మీ ఇంట్లో నలుగురు వాద్యగాళ్లు లేరు కదా.

ఓమ్‌లొక్కటే చూస్తే ఏమీ తెలియదు, పక్కనే సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో, చూడాలి. డీటీ 770 మూడు రకాలకీ కంపెనీ చెప్పే సంఖ్య ఒకటే: 1 మిల్లీవాట్ ఇస్తే 96 డీబీ (డెసిబెల్స్, శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత). మనకి కావాల్సింది ఎంత? సగటున 80, 85 డీబీల్లో వింటాం. మృదంగం దెబ్బ పడ్డప్పుడో, అక్క తారస్థాయికి వెళ్లినప్పుడో క్షణంపాటు దానిమీద మరో 15, 20 డీబీలు లేస్తుంది. ఇంకొంచెం ఖాళీ ఉంచుకుని 110 డీబీ అనుకుందాం. 96 నుంచి 110కి 14 డీబీలు, అంటే పవర్ పాతిక రెట్లు, 25 మిల్లీవాట్లు. మూడింటికీ అంతే. తేడా అంతా ఆ 25 మిల్లీవాట్లు ఎన్ని వోల్టులతో వస్తాయన్నదానిలోనే ఉంది. 32 ఓమ్‌లకి 0.9 వోల్టు, 80 ఓమ్‌లకి 1.4, 250 ఓమ్‌లకి 2.5. ఇంతే ఈ రహస్యం. పవర్‌ని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయడమే, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

ఇప్పుడు ఇదే లెక్క పక్క మోడళ్లకి వేసి చూడండి, సరదాగా ఉంటుంది. సోనీ ఎండీఆర్-7506 ఉంది కదా, 1991లో వచ్చి ఇప్పటికీ అమ్ముడవుతున్న బండ. దానివి 63 ఓమ్‌లు. 80కి పక్కింటి సంఖ్యే అనిపిస్తుంది. కానీ దాని సెన్సిటివిటీ 106 డీబీ. అదే 110 డీబీకి రెండున్నర మిల్లీవాట్లు, 0.4 వోల్టు చాలు. ఓమ్‌లు దాదాపు సమానం, పవర్ పదో వంతు! ఇంకో చివర ఫోస్టెక్స్ టీ50ఆర్‌పీ మూడో తరం ఉంది. అది పూర్తి క్లోజ్డ్ కాదు, సగం తెరిచినది, లెక్క కోసం చెబుతున్నాను. 50 ఓమ్‌లే, కానీ 92 డీబీ. దానికి 63 మిల్లీవాట్లు కావాలి. 50 ఓమ్‌లది 250 ఓమ్‌ల దానికన్నా రెండున్నర రెట్లు ఎక్కువ పవర్ తింటోంది. కాబట్టి "ఎన్ని ఓమ్‌లు?" అని అడిగి యాంప్ సలహా ఇచ్చేవాళ్లు సగం ప్రశ్నే అడిగినట్టు. ఒక జాగ్రత్త: కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని 1 మిల్లీవాట్‌కి కాకుండా 1 వోల్టుకి చెబుతాయి. సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రోకి 113 డీబీ అని కనబడేది ఆ లెక్కే. రెండు రకాల సంఖ్యల్ని పక్కపక్కన పెట్టి పోల్చి, ఇది పెద్దగా మోగుతుంది, అది మోగదు అనుకోకండి.

సరే, 80కి 1.4 వోల్టు కావాలి, మీ ఇంటర్‌ఫేస్ ఇవ్వగలదా? చాలా కంపెనీలు ఈ సంఖ్యని మాన్యువల్‌లో ఎక్కడో మూల పడేస్తాయి, లేదా అసలు వేయవు. కొలుచుకోవడం సులువు. ఇంట్లో మల్టీమీటర్ ఉంటే మరో కొద్ది రూపాయలతో అయిపోతుంది. ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో 82 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, పెద్ద హెడ్‌ఫోన్ పిన్ను ఒకటి తెచ్చుకోండి. పిన్ను కొసకీ, కింది భాగానికీ రెండు వైర్లు అతికించండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 100 హెర్ట్జ్ టోన్ పెట్టి లెవెల్ పూర్తిగా, అంటే సాఫ్ట్‌వేర్ మీటర్‌కి పైకప్పు అయిన సున్నా డీబీ దాకా, తీసుకెళ్లండి. ఇంటర్‌ఫేస్ హెడ్‌ఫోన్ నాబ్ ఆఖరిదాకా తిప్పండి. హెడ్‌ఫోన్ తగిలించి ఉండకూడదు, చెవికైతే అసలే వద్దు. మీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి ఆ రెండు వైర్ల మధ్య చూడండి. 100 హెర్ట్జే ఎందుకంటే, చవక మీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర అబద్ధం చెబుతాయి.

నా పాత ఇంటర్‌ఫేస్‌కి ఇలా చేస్తే ఏమీ తగిలించనప్పుడు 1.75 వోల్టులు చూపించింది. రెసిస్టర్ అడ్డంగా పెట్టగానే 1.56కి దిగింది. ఆ దిగుడే అసలు సమాచారం. 1.75ని 1.56తో భాగించి, అందులోంచి ఒకటి తీసేసి, 82తో గుణిస్తే 10 వస్తుంది. అంటే ఆ ఇంటర్‌ఫేస్ లోపలి అడ్డు, అవుట్‌పుట్ ఇంపెడెన్స్, 10 ఓమ్‌లు. ఒక్క రెసిస్టర్‌తో రెండు విషయాలు తెలిశాయి. ఎంత వోల్టేజీ ఇస్తుంది, ఎంత గట్టిగా పట్టుకుంటుంది.

ఆ సంఖ్యలతో చూస్తే 80 ఓమ్‌ల డీటీ 770 ఆ పెట్టె మీద దాదాపు 111 డీబీ దాకా వెళ్తుంది. 250ది 106 దగ్గర ఆగుతుంది. తేడా నాలుగు డీబీల పైచిలుకు. 106 కూడా తక్కువేమీ కాదు. రిలీజైన పాట ఏదైనా వినండి, అది ముందే గట్టిగా మాస్టర్ చేసి ఉంటుంది, నాబ్ సగం దాటకముందే చెవులు గోల పెడతాయి. ఇబ్బంది వచ్చేది మీలాంటివాళ్లకే. పచ్చి గాత్రం రికార్డు చేసేటప్పుడు సగటు లెవెల్ పైకప్పుకి ఇరవై ఎనిమిది, ముప్ఫై డీబీలు కిందే ఉంటుంది. అది ఉండాలి కూడా. అప్పుడు 250లో మీకు వినబడేది 76, 78 డీబీలు. మీకు చాలు. కానీ పాడే మనిషికి చాలదు, ఎందుకంటే ఆమె గొంతు ఆమె ఎముకల్లోంచే లోపల మోగుతుంటుంది, దాని మీద తంబురా వినబడాలి. "తమ్ముడూ, ఇంకొంచెం పెంచరా" అంటుంది, మీ నాబ్ అప్పటికే చివర్లో ఉంటుంది. అదుగో, ఆ పూట కోసమే నేను 80 అంటున్నాను. మీది కూడా కొలిచి చూసి, 82 రెసిస్టర్ మీద 1.4 వోల్టు దాటితే నిశ్చింతగా ఉండండి. ఒక వోల్టు దగ్గరే ఆగినా 107 డీబీ వస్తుంది, మూడు డీబీల కోసం పన్నెండు వేలు పెట్టనక్కర్లేదు.

మరి వోల్టులు తక్కువ చాలు కదా, 32దే తీసుకోవచ్చు కదా అంటారా? ఆ 10 ఓమ్‌లు అక్కడ అడ్డొస్తాయి. సోర్స్ (హెడ్‌ఫోన్ తగిలించే పెట్టె) ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు లోపు ఉండాలని పనివాళ్ల లెక్క ఒకటుంది. 80కి ఎనిమిదో వంతు 10, అంచున నిలబడింది. 32కి ఎనిమిదో వంతు 4, దాటిపోయింది. దాటితే ఏమవుతుంది? డబ్బా మీద వేసిన ఓమ్‌లు అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకటే కాదు. చాలా డైనమిక్ హెడ్‌ఫోన్స్‌లో బేస్ దగ్గర ఒక గుట్ట లేస్తుంది. మధ్యలో 32 ఓమ్‌లుండి, బేస్ గుట్ట దగ్గర 60కి వెళ్లే హెడ్‌ఫోన్ అనుకోండి. 1 ఓమ్ సోర్స్ మీద ఆ రెండిటి మధ్య తేడా 0.1 డీబీ, ఎవరికీ వినబడదు. 30 ఓమ్‌ల సోర్స్ మీద అదే 2.2 డీబీ. మృదంగం తొప్పి (బేస్ పలికే పక్క) ఉబ్బినట్టు వినబడుతుంది, మీరు ఈక్వలైజర్‌తో కోసేస్తారు, పాట కారులో పెడితే తొప్పి మాయం. "యాంప్ పెట్టగానే బేస్ బిగుతుగా అయింది" అని జనం చెప్పే దాంట్లో నిజం ఉన్నదంతా ఇక్కడే ఉంది. అది యాంప్ పవర్ చేసిన పని కాదు. పాతరోజుల్లో అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61938 హెడ్‌ఫోన్ సోర్స్‌కి ఏకంగా 120 ఓమ్‌లు ఉండాలనేది. ఎవరైనా పాత రిసీవర్‌కో పాత మిక్సర్‌కో తగిలించి ఇదే హెడ్‌ఫోన్ వేరేగా మోగుతోందంటే కొట్టిపారేయకండి, నిజమే చెబుతుండవచ్చు.

ఇప్పుడు నా కథ. నేను 250 ఓమ్‌లది కొని, పక్కన మంచి ధర పెట్టి యాంప్ కూడా కొన్నాను. బ్రాండ్ ఎందుకులెండి. మొదటి రోజు రాత్రి రెండింటి దాకా నా పాత మిక్సులన్నీ వినేశాను. స్టేజీ విశాలమైందన్నాను, వయొలిన్ కమాను రాపిడి కూడా వినబడుతోందన్నాను. కనబడినవాళ్లందరికీ చెప్పాను. రెండు నెలల తర్వాత నా దగ్గర పనిచేసే కుర్రాడు, పాలిటెక్నిక్ చదివినవాడు, "అన్నా, రెండూ ఒకే లెవెల్లో పెట్టి విన్నావా?" అన్నాడు. వినలేదు. మల్టీమీటర్ తెచ్చాడు. టోన్ పెట్టి, ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ 0.50 వోల్టు, యాంప్ అవుట్‌పుట్ 0.50 వోల్టు వచ్చేదాకా నాబ్‌లు వెంట్రుకవాసి తిప్పి, అక్కడే టేపు అంటించాడు. నన్ను గోడ వైపు తిరిగి కూర్చోమని, ఒక కాగితం మీద రాసుకుంటూ పిన్ను మార్చడం మొదలెట్టాడు. కొన్నిసార్లు పీకి మళ్లీ అందులోనే పెట్టేవాడు. పదహారుసార్లు. తొమ్మిది సరిగ్గా చెప్పాను. నాణెం ఎగరేసినా ఎనిమిది వస్తాయి. వాడు నవ్వలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది ఇంకా నొప్పి.

జరిగిందేంటంటే, యాంప్‌లో నేను ప్రతిసారీ రెండు మూడు డీబీలు పెంచి వింటున్నాను. లెవెల్ పెరిగితే చెవికి బేస్, ట్రెబుల్ రెండూ నిండుగా అందుతాయి. ఫ్లెచర్, మన్‌సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించిన విషయం ఇది, కొత్తేం కాదు. అందుకని షాపులో గానీ, ఫ్రెండ్ ఇంట్లో గానీ రెండు వస్తువుల్ని పోల్చేటప్పుడు లెవెల్ సమానం చేయకుండా ఏ మాటా నమ్మకండి, నా మాట కూడా. ఆ యాంప్ పనికిరానిదని కాదు. నా ఇంటర్‌ఫేస్ ఆ హెడ్‌ఫోన్‌కి సరిపోతున్నప్పుడు దానికి చేయడానికి పని లేదు, అంతే.

పైగా యాంప్‌తో ఒక ప్రమాదం. చెవి అలవాటు పడే కొద్దీ నాబ్ పైకే వెళ్తుంది. పనిచోట ఆరోగ్యం, భద్రత చూసే అమెరికా వాళ్ల నియోష్ సంస్థ చెప్పే పరిమితి 85 డీబీకి రోజుకి ఎనిమిది గంటలు. అక్కణ్నుంచి ప్రతి మూడు డీబీలకీ సమయం సగం అవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట. మిక్సింగ్ చేసేవాడు పావుగంటలో లేవడు.

హెడ్‌ఫోన్ విషయానికి వద్దాం, అసలు డబ్బు పెట్టాల్సింది, చెవి పెట్టాల్సింది ఇక్కడే. మీకు క్లోజ్డ్ బ్యాక్ ఎందుకు కావాలంటే ఒకటి, అక్క చెవిలోని తంబురా, తాళం మైకులోకి కారకూడదు. రెండు, బయటి ట్రాఫిక్ మీకు వినబడకూడదు. రెండో దాంట్లో డీటీ 770కి కంపెనీ చెప్పే తగ్గింపు 18 డీబీ. హెచ్‌డీ 280 ప్రోకి 32 డీబీ దాకా అని చెబుతారు. నిజంగా బయటి రొదే మీ బాధ అయితే హెచ్‌డీ 280ని ఒకసారి తలకి పెట్టుకుని చూడండి. పట్టు గట్టిగా ఉంటుంది, గంటసేపటికి దవడలు తెలుస్తాయి. ఆ పట్టు లేకుండా ఆ నిశ్శబ్దం రాదు.

ఇక సీల్. క్లోజ్డ్ బ్యాక్‌లో బేస్ అంతా ఆ ప్యాడ్‌కీ మీ చర్మానికీ మధ్య గాలి చొరబడకుండా ఉండటం మీదే ఆధారపడి ఉంది. కళ్లజోడు కాడ వెంట సందు ఏర్పడుతుంది, జుట్టు అడ్డొస్తుంది, అక్కకైతే చెవి కమ్మలు, జడ. అక్కడ రెండు మిల్లీమీటర్ల సందు చేసే నష్టం ముందు ఏ యాంప్ చేసే మేలూ లెక్కలోకి రాదు. పరీక్ష ఇది: 40 హెర్ట్జ్ టోన్ మెల్లగా పెట్టండి, రెండు అరచేతులతో కప్పుల్ని చెవులకేసి కొంచెం నొక్కండి. శబ్దం ఒక్కసారిగా పెరిగిందా, మీకు సీల్ లేదు. కళ్లజోడు తీసి మళ్లీ చేయండి. జోడు పెట్టుకున్నప్పుడే పెరుగుతుంటే, సన్న కాడల ఫ్రేమ్ ఒకటి స్టూడియో కోసం పెట్టుకోండి. లేదంటే మెత్తటి ప్యాడ్లున్న మోడల్ వెతకండి. డీటీ 770 వెల్వెట్ ప్యాడ్లు ఈ విషయంలో కొంత క్షమిస్తాయి, కానీ అందరికీ కాదు. అందుకే వాపసు ఇచ్చే వీలున్నచోట కొనండి. బీసెంట్ రోడ్డు వైపు కొట్లలో డబ్బా తెరిచి తలకి పెట్టనిస్తారని ఆశ పెట్టుకోవద్దు, సంగీత వాద్యాల కొట్లో అడిగి చూడండి.

సీల్ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఆరేళ్ల కిందట ఒక భక్తి పాటల సీడీ మిక్స్ చేశాను. హెడ్‌ఫోన్ ప్యాడ్లు రెండు వేసవులు చెమట తాగి, చదునై, చిట్లి ఉన్నాయి. మన ఎండలకి లెదరెట్ ప్యాడ్ ఏదైనా ఏడాదిన్నర దాటాక పొలుసులు రాలుతుంది, చెవి వెనక నల్లటి ముక్కలు అంటుకుంటాయి. నేను పట్టించుకోలేదు. బేస్ కారిపోతోంది, నాకు తక్కువగా వినబడుతోంది, నేను పెంచుకుంటూ పోయాను. ఇచ్చిన రోజు రాత్రే సీడీ చేయించుకున్నాయన ఫోన్: "కారులో పెడితే డోర్లు కొట్టుకుంటున్నాయండీ, అమ్మవారి పాటా, డీజే పాటా?" మళ్లీ కూర్చుని పది పాటలూ మార్చాను, ఫ్రీగా. కొత్త ప్యాడ్లు కొన్నది ఆ మర్నాడు. కాబట్టి మీ పాతిక వేలల్లోంచి ఒక జత అదనపు ప్యాడ్లకి ముందే తీసి పక్కన పెట్టండి. ఏ మోడల్ కొన్నా, దాని ప్యాడ్లు విడిగా దొరుకుతాయో లేదో చూశాకే కొనండి.

డబ్బా మీద 5 నుంచి 35,000 హెర్ట్జ్ అని ఉంటే మురిసిపోవద్దు. ఎన్ని డీబీల హెచ్చుతగ్గులతో అనేది చెప్పకుండా ఆ సంఖ్యకి అర్థం లేదు. మీ చెవితో చూడాల్సింది ఒకటుంది, అక్క గొంతే. డీటీ 770కి ఎనిమిది, తొమ్మిది వేల హెర్ట్జ్ దగ్గర ఒక పోటు ఉందని చాలామంది కొలిచి చూపించారు. తెలుగు పాటలో ఆ చోట ఉండేది స, శ, ష. "శ్రీనివాస", "శేషాద్రి" లాంటి మాటలు అందులో చురుక్కుమంటాయి. మీరు అది గొంతు తప్పనుకుని డీ-ఎస్సర్ (స, శ శబ్దాల పదును తగ్గించేది) గట్టిగా వేస్తారు. స్పీకర్‌లో వింటే అక్కకి పళ్లూడినట్టు ఉంటుంది. కొన్న వారంలో ఒక పని చేయండి: మీకు బాగా తెలిసిన గాత్రం, పెద్ద కంపెనీ రిలీజ్ చేసిన కచేరీ రికార్డింగ్ ఒకటి అందులో వినండి. అక్కడ శకారం ఎంత గుచ్చుకుంటే, మీ మిక్స్‌లో కూడా అంతే గుచ్చుకోనివ్వండి. అది మీ కొలబద్ద.

ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్ గురించి కూడా అడుగుతారు, నాకు తెలుసు. 38 ఓమ్‌లు, 99 డీబీ, 0.7 వోల్టు చాలు, దేనికి తగిలించినా మోగుతుంది. కేబుల్ ఊడదీసి మార్చుకోవచ్చు, డీటీ 770 ప్రో మూడింటికీ అది కుదరదు. కుర్చీ చక్రం కింద కేబుల్ నలిగిన రోజు ఈ తేడా విలువ తెలుస్తుంది, నేను టంకం వేసుకుని మరీ తెలుసుకున్నాను. వినడానికి హుషారుగా ఉంటుంది. కానీ గాత్రం ప్రధానంగా ఉండే మీ పనికి, రోజుకి నాలుగు గంటలు తలమీద ఉండాల్సిన దానికి, నేనైతే 770 మెత్తదనానికే ఓటు వేస్తాను. మే నెలలో ఫ్యాన్ ఆపి రికార్డు చేసేటప్పుడు వెల్వెట్‌కీ లెదరెట్‌కీ తేడా పది నిమిషాల్లో తెలుస్తుంది.

చేతికి వచ్చిన రోజు ఇంకో పరీక్ష. 20 హెర్ట్జ్ నుంచి పైకి మెల్లగా వెళ్లే టోన్ ఒకటి పెట్టి కళ్లు మూసుకుని వినండి. శబ్దం నడినెత్తినే ఉండాలి, మధ్యలో ఒక పక్కకి జరగకూడదు. తక్కువ టోన్ల దగ్గర ఎక్కడైనా గిర్రుమంటే వెంటనే వాపసు పెట్టకండి. ప్యాడ్ విప్పి, లోపలి స్పాంజి తీసి, టార్చి వేసి చూడండి. ఓసారి మా దగ్గర అలా గిర్రుమన్నదాన్ని సర్వీసుకి పంపబోతుంటే, పల్చటి పొర మీద పడుకున్న ఒకే ఒక్క తల వెంట్రుక కనబడింది. పట్టకారుతో తీశాను, సరిపోయింది.

గుయ్‌మనే శబ్దం వస్తే అది వేరే జబ్బు. లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. పీకగానే పోతే తప్పు హెడ్‌ఫోన్‌ది కాదు, యాంప్ కొన్నా పోదు. గోడ సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో మూడో కన్ను అలంకారానికే ఉంటుంది.

యాంప్ ఎప్పుడు కొనాలో కూడా చెప్పాలి. అక్క వింటుంటే మీరూ వినాలి కదా? ఇప్పుడు వై కేబుల్‌తో ఇద్దరూ ఒకే రంధ్రంలోంచి వింటున్నారనుకుంటాను. ఒకే మోడల్ రెండైతే పరవాలేదు. మీరు 80 ఓమ్‌ల 770, అక్కకి చవగ్గా దొరికిందని ఎండీఆర్-7506 పెట్టారనుకోండి, అదే వోల్టేజీ మీద అక్కకి 11 డీబీలు ఎక్కువ వినబడుతుంది. మీకు సరిపోయేలా పెంచితే ఆవిడ హెడ్‌ఫోన్ పీకి విసిరేస్తుంది, చెవులకీ మంచిది కాదు. ఎవరి నాబ్ వాళ్లకి ఉండే నాలుగు ఛానళ్ల హెడ్‌ఫోన్ యాంప్ అప్పుడు కొనండి. అందమైన అల్యూమినియం డబ్బా అక్కర్లేదు, అడాప్టర్‌తో నడిచే మామూలుది చాలు. కొన్నాక దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కూడా అదే 82 రెసిస్టర్‌తో చూడండి. చవక వాటిలో కొన్నిటికి అది పెద్దగానే ఉంటుంది.

ఇంకా అనుమానంగా ఉంటే ఒక ఆదివారం మీ ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్ సంచిలో వేసుకుని గుంటూరు రండి, గంట ప్రయాణం. 250ది, ఆ యాంప్ ఇంకా నా దగ్గరే ఉన్నాయి, టేపు ముక్కలు కూడా నాబ్‌ల మీద అలాగే ఉన్నాయి. మా కుర్రాడు పిన్నులు మారుస్తాడు, మీరు గోడ వైపు తిరిగి కూర్చోండి. అక్క పాడిన పచ్చి ట్రాక్ ఒకటి తెచ్చుకోవడం మర్చిపోకండి, మిక్స్ చేసినది కాదు.